గోడ మీది అన్నదమ్ములు

(అట్లాంటా శివారులో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను ఫ్రేముల వ్యాపారం గురించి మాట్లాడమన్నారు. ఫ్రేము గురించి చెప్పడానికి ఏముంది? చెక్క, అద్దం, అట్ట. పది నిమిషాల్లో అయిపోతుంది. అందుకని నా షాపుకి వచ్చే బొమ్మల్లో ఒక రకం గురించి చెప్తాను. ఈ ఊళ్లో ఫ్రేములు కట్టే ఎవరి దగ్గరికైనా ఇవి వస్తూనే ఉంటాయి. నల్లజాతి ఫ్రాటర్నిటీల మీద, అంటే కాలేజీల్లో పుట్టిన సోదర సంఘాల మీద వేసిన ఆర్ట్ ప్రింట్లు.

మీరూ చూసే ఉంటారు, పట్టించుకుని ఉండరు. ఏ డెంటిస్టు గదిలోనో, లాయరు ఆఫీసులోనో గోడ మీద ఉంటుంది. కుర్రాళ్లు వరసగా నిలబడి ఉంటారు, వీపులు మనవైపు, జాకెట్ల మీద గ్రీకు అక్షరాలు. లేదా గాల్లోకి ఎగిరిన ఓ నర్తకుడు. లేదా పాతకాలపు కోట్లు వేసుకున్న ఏడుగురు యువకులు, వెనక పిరమిడ్లు. కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో సంతకం, పక్కన 212/500 లాంటి ఒక అంకె, అంటే అయిదొందల ప్రతుల్లో 212వది అని.

ఫ్రాటర్నిటీ అనగానే మనవాళ్లకి బీరు, పార్టీలు, అమ్మాయిలు గుర్తొస్తాయి. మీ అబ్బాయి చేరతానంటే మీకు టెన్షన్. ఆ భయం పూర్తిగా తప్పని నేను అనను, దాని సంగతికి తర్వాత వస్తాను. కానీ వీటి పుట్టుక వేరు.

1906 డిసెంబరు 4. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చలి ఊరు, కార్నెల్ యూనివర్సిటీ. 1904-05లో చదివిన నల్ల విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. చదువు రాక కాదు. ఉండడానికి చోటు లేక, పలకరించేవాడు లేక. మిగిలినవాళ్లు కలిసి చదువుకుందామని మొదట ఒక స్టడీ క్లబ్బు పెట్టుకున్నారు. ఆ క్లబ్బే ఆల్ఫా ఫై ఆల్ఫా అయింది. తెల్ల కుర్రాళ్ల ఫ్రాటర్నిటీ ఇళ్లలో వడ్డన పని చేసి ఫీజు కట్టుకున్నవాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు. వడ్డించడానికి లోపలికి రానిస్తారు, సభ్యుడిగా రానివ్వరు. ఇళ్లలో సమావేశాలకి చోటిచ్చింది ఆ ఊళ్లోని నల్ల కుటుంబాలే.

దాన్ని స్థాపించిన ఏడుగురిని ‘సెవెన్ జ్యూయెల్స్’ అంటారు. వాళ్లలో వెర్ట్‌నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో రిజిస్టరైన తొలి నల్లజాతి ఆర్కిటెక్ట్ అయ్యాడు. జుట్టుకి వాడే సరుకుల వ్యాపారంతో కోటీశ్వరురాలైన మేడమ్ సి.జె. వాకర్‌కి విల్లా లెవారో అనే భవంతి కట్టింది ఆయనే. యూజీన్ కింకిల్ జోన్స్ నగరాల్లోని నల్లవాళ్ల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌ని నడిపాడు. హెన్రీ కాలిస్ డాక్టరయ్యాడు. ఈ ఏడుగురి బొమ్మ ఉన్న ప్రింటు ఎవరైనా తెచ్చారంటే నేను ఇంకేమీ అడగను, ఆల్ఫా అని తెలిసిపోతుంది.

తర్వాత 1911 జనవరి 5న ఇండియానా యూనివర్సిటీలో కాపా ఆల్ఫా సై. ఆ క్యాంపస్‌లో ఒక నల్ల విద్యార్థి ఇంకో నల్ల విద్యార్థిని చూడకుండా రోజులు గడిచిపోయేవి. అదే ఏడాది నవంబరు 17న వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో ఒమెగా సై ఫై. దీని కథ నాకు ఎక్కువ ఇష్టం. ముగ్గురు విద్యార్థులు, వాళ్ల వెనక ఒక అధ్యాపకుడు, ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. కణాల మీద పని చేసిన గొప్ప జీవశాస్త్రవేత్త. నల్లవాళ్ల యూనివర్సిటీయే అయినా యాజమాన్యం మొదట ఒప్పుకోలేదు. అప్పుడు వీళ్లు చిన్న చిన్న కార్డుల మీద తమ సంఘం పేరూ సభ్యుల పేర్లూ రాసి క్యాంపస్ చెట్లకీ నోటీసు బోర్డులకీ అంటించారు. మేం ఉన్నాం, ఇక మీ ఇష్టం అని. నన్నడిగితే ఈ సంప్రదాయంలో మొదటి ప్రింటు ఆ కార్డే.

1914 జనవరి 9న అక్కడే ఫై బీటా సిగ్మా. చివరిది ఐయోటా ఫై థీటా, 1963 సెప్టెంబరు 19, బాల్టిమోర్‌లోని మోర్గన్ స్టేట్ కాలేజీ. అదీ పౌరహక్కుల ఉద్యమం మధ్యలో. ఈ అయిదూ మగవాళ్లవి. ఆడవాళ్లవి నాలుగు సొరోరిటీలు: ఆల్ఫా కాపా ఆల్ఫా, డెల్టా సిగ్మా థీటా, జీటా ఫై బీటా, సిగ్మా గామా రో. అన్నీ కలిపి ‘డివైన్ నైన్’. కమలా హారిస్ పోటీ చేసినప్పుడు గులాబీ, ఆకుపచ్చ బట్టల్లో ఆడవాళ్లు గుంపులుగా కనిపించారు కదా, వాళ్లు ఆల్ఫా కాపా ఆల్ఫా సభ్యులు. ఆమె హోవార్డ్‌లో చదివేటప్పుడు అందులో చేరింది. సొరోరిటీల ప్రింట్లదీ ఓ పెద్ద ప్రపంచం, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇక్కడ ఒక సంగతి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. వీళ్లలో సభ్యత్వం కాలేజీతో అయిపోదు. డిగ్రీ అయ్యాక ఊరూరా గ్రాడ్యుయేట్ చాప్టర్లు, అంటే శాఖలు ఉంటాయి. స్కాలర్‌షిప్పులు ఇస్తారు, ఓటర్ల నమోదు చేస్తారు. ఓటు లేని జాతికి ఆశ లేదు అన్న అర్థం వచ్చే నినాదంతో ఆల్ఫాలు 1930లలోనే ప్రచారం మొదలెట్టారు. వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం చూశారు కదా? కింగ్ ఆల్ఫా సభ్యుడు, 1952లో బోస్టన్‌లో పీహెచ్‌డీ చేస్తూ చేరాడు. ఆ స్మారకం కట్టాలన్న ఆలోచన పుట్టింది ఆల్ఫాల్లోనే. 1996లో కాంగ్రెస్ అనుమతి వచ్చింది, 2011లో ప్రారంభమైంది. అంతకాలం విడవకుండా వెంటపడ్డారు.

అందుకే ఈ ప్రింటు కొనేది ఇరవై ఏళ్ల కుర్రాడు కాదు. వాడి దగ్గర డబ్బెక్కడిది? నలభై దాటిన ఇంజనీరు, ప్రిన్సిపాల్, రిటైరైన కర్నల్. లేదా వాళ్లకి కానుక ఇచ్చే భార్య. స్కాలర్‌షిప్ విందుల్లో వేలం పాటలో పాడుకుంటారు. ఏ సంఘం సభ్యుడు చనిపోయినా ‘ఒమెగా చాప్టర్‌లో చేరాడు’ అంటారు, ఒమెగా గ్రీకు అక్షరాల్లో చివరిది కాబట్టి. ఆ వారంలో ఫ్రేము మార్చమని పాత ప్రింటు పట్టుకుని కొడుకు వస్తాడు. నాకు ఈ బొమ్మల గురించి తెలిసిందంతా అలా వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి చెప్పిందే.

అసలు ప్రింటే ఎందుకు, పెయింటింగ్ ఎందుకు కాదు? డబ్బు ఒక కారణం. కానీ నల్లజాతి చిత్రకారులకి ప్రింటుతో పాత బంధం ఉంది. మన అట్లాంటాలోనే హేల్ వుడ్రఫ్ 1930లలో లినోలియం పలకలు చెక్కి జార్జియా పల్లెల్లోని దారిద్ర్యాన్నీ, మూకలు మనుషుల్ని చంపడాన్నీ నలుపు తెలుపుల్లో అచ్చువేశాడు. ఎలిజబెత్ క్యాట్‌లెట్ 1946లో మెక్సికో వెళ్లి అక్కడి ప్రజా ప్రింటు శాలలో చేరింది. పొలం కూలీ ఆడమనిషి ముఖం ఆమె చెక్కింది చూడండి, రాణి ముఖంలా ఉంటుంది. ఆ శాల పట్టుదల ఒకటే. బొమ్మ ఒకే ధనవంతుడి గోడకి పోకూడదు, వందమందికి అందాలి.

ఇక్కడ చాలామంది నన్నడుగుతారు, ప్రింటంటే జిరాక్సే కదా అని. కాదండీ. పలక మీద కళాకారుడు తన చేత్తో చెక్కి, సిరా పట్టించి తీసిన ప్రతి కాగితమూ అసలుదే. ఈ విషయంలో మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డిగారు పారిస్‌లో, తర్వాత న్యూయార్క్‌లో ఈ విద్యకి గురువు. చిక్కదనం తేడా ఉన్న సిరాలతో ఒకే పలక మీంచి ఒకేసారి చాలా రంగులు తీసే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి నేర్పి, 2018లో ఆ ఊళ్లోనే పోయారు. ఈ దేశంలో ప్రింటు చేసేవాళ్లని అడగండి, ఆయన పేరు తెలుస్తుంది. మనకే తెలీదు.

అయితే నిజం చెప్పాలి కదా. నా షాపుకి వచ్చే ఫ్రాటర్నిటీ ప్రింట్లలో ఎక్కువ భాగం ఆ కోవవి కావు. ముందు పెయింటింగ్ వేసి, దాన్ని ఫొటో తీసి, ఆఫ్‌సెట్ మిషన్ మీద కొన్ని వందలు కొట్టి, సంతకం పెట్టినవి. ఈమధ్య వచ్చేవి జిక్లే, అంటే మంచి కాగితం మీదో కాన్వాస్ మీదో పెద్ద ఇంక్‌జెట్‌తో తీసినవి. వీటిని ఆర్ట్ అనొచ్చా అని గ్యాలరీ వాళ్లు ముక్కు చిట్లిస్తారు.

చిట్లించనివ్వండి. 1980లలో ఏమైందో చూడండి. 1984లో మొదలైన ఒక టీవీ సీరియల్‌లో, డాక్టరు, లాయరు దంపతులైన ఓ నల్లజాతి కుటుంబం ఇంట్లో గోడల మీద నల్లజాతి చిత్రకారుల బొమ్మలు కనిపించాయి. వార్నెట్ హనీవుడ్ బొమ్మలు అందులో ఉన్నాయి. ఆమె తన సోదరితో కలిసి సొంతంగా ప్రింట్లు, కార్డులు అమ్మే కంపెనీ నడిపేది. ఆ సీరియల్ చూసిన మధ్యతరగతి జనానికి మన గోడ మీద మన మనుషులే ఉండొచ్చు కదా అనిపించింది. గ్యాలరీలు వీళ్ల వైపు చూడలేదు కాబట్టి అమ్మకం వేరే దార్లు వెతుక్కుంది. బ్యూటీ సెలూన్లు, చర్చి హాళ్లు, పండగ మైదానంలో బల్లలు, పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ రోజు కారు డిక్కీలు. ఫ్రాటర్నిటీ ప్రింటు ఆ మార్కెట్‌లో పెరిగిన బిడ్డ.

ఇప్పుడు బొమ్మలోకి వెళ్దాం. మొదట రంగు. ఆల్ఫాలది నలుపు, పాత బంగారం. కాపాలది క్రిమ్సన్ ఎరుపు, మీగడ రంగు. ఒమెగాలది ఊదా, బంగారం. సిగ్మాలది నీలం, తెలుపు. ఐయోటాలది ముదురు గోధుమ, బంగారం. తెలిసినవాడికి పేరు రాయక్కర్లేదు, రోడ్డు అవతలి నుంచి చూసి చెప్పేస్తాడు.

మీకు ఈ వృత్తిలోని ఒక చిక్కు చెప్తాను. ఆఫ్‌సెట్‌లో ఊదా రంగు విడిగా ఉండదు, నీలి సిరా, మెజెంటా సిరా కలిస్తే వస్తుంది. ఎండ తగిలితే ముందు పోయేది మెజెంటా. నీలం గట్టిది, నిలబడుతుంది. అంటే ఒమెగా ప్రింటుని కిటికీ ఎదురుగా పదేళ్లు పెట్టారనుకోండి, ఊదా జాకెట్లు నెమ్మదిగా నీలం జాకెట్లవుతాయి. నీలం ఎవరిది? సిగ్మాలది! ఒక పెద్దాయన అలాంటి ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టి, “అమ్మా, నా అన్నదమ్ములు పార్టీ మారారు, ఏమైనా చెయ్యగలవా?” అన్నాడు. ఏం చెయ్యగలను? పోయిన రంగు రాదు. కాబట్టి ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ అద్దం వాడండి, ఎండ పడని గోడకి పెట్టండి. మీ పెళ్లి ఫొటోలకీ ఇదే సలహా.

తర్వాత గుర్తులు. ఆల్ఫాలది గీజా సింహిక, స్ఫింక్స్. గ్రీకు అక్షరాలు పెట్టుకుని ఈజిప్టు గుర్తు ఎందుకని మొదట్లో నాకూ అనిపించేది. నాకు తోచిన జవాబు ఇది. మీ జాతికి చరిత్రే లేదు అని పాఠాల్లో చెప్పే రోజుల్లో, గ్రీకులకంటే ముందు మా ఆఫ్రికా ఉంది అని ఆ కుర్రాళ్లు తమ ముద్ర మీదే వేసుకున్నారు. ప్రింట్లలో ఆ సింహికని ముక్కు విరిగినట్టే వేసే చిత్రకారులున్నారు, పూర్తి ముఖంతో వేసేవాళ్లూ ఉన్నారు. నాకు విరిగినదే నచ్చుతుంది. కాపాలకి చేతికర్ర. స్టెప్ షోల్లో, అంటే జట్టుగా కాళ్లూ చేతులూ తాళంలో కొట్టే ప్రదర్శనల్లో, దాన్ని తిప్పడం చూస్తే మన కర్రసాము వాళ్లు కూడా మెచ్చుకుంటారు. ఒమెగాలకి బుల్‌డాగ్, బంగారు రంగు వేసిన బూట్లు. సిగ్మాలకి పావురం. ఐయోటాలకి సెంటార్, అంటే సగం మనిషి, సగం గుర్రం.

ఒమెగాల్లో కొందరు భుజం మీద ఆ అక్షరం వాత వేయించుకుంటారు. సంస్థ అడగదు, వాళ్లే చేయించుకుంటారు. ప్రింట్లలో కండ మీద ఉబ్బెత్తుగా ఆ వాత కనిపిస్తుంది. బానిసల ఒంటి మీద యజమానులు వాతలు పెట్టిన దేశం ఇది. ఆ గుర్తుని మళ్లీ ఒంటి మీదకి ఎందుకు తెచ్చుకోవాలని నల్లజాతిలోనే కోప్పడేవాళ్లున్నారు. అప్పుడు వాడు పెట్టాడు, ఇప్పుడు నేను పెట్టుకున్నాను అంటారు వేయించుకున్నవాళ్లు. ఈ వాదనలో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ ఆ వాతని అందంగా మెరిసేట్టు వేసిన ప్రింటుకంటే, దాని పక్కనే ముసలి చెయ్యి ముడతలు కూడా వేసిన ప్రింటు మంచిదని మాత్రం చెప్తాను.

మనుషుల్ని వీపు వైపు నుంచో, ముఖకవళికలు లేకుండానో వెయ్యడం కూడా ఈ ప్రింట్లలో ఎక్కువ. బద్ధకం కాదు, తెలివి. ముఖం వేస్తే అది ఎవరో ఒకడు. వెయ్యకపోతే కొన్నవాడు తనని అక్కడ చూసుకుంటాడు. “ఎడమ నుంచి నాలుగోవాడు నేనే” అని నా షాపులో ఎంతమంది చూపించారో. కొత్తగా చేరేవాళ్ల జట్టుని ‘లైన్’ అంటారు. పొట్టి నుంచి పొడుగుకి నిలబెట్టి అంకెలిస్తారు. మొదటివాడు ఏస్, చివరివాడు టెయిల్. ఆ అంకె జీవితాంతం ఉంటుంది, కారు నంబరు ప్లేటు మీద కూడా చూడొచ్చు.

నన్ను ఈ బొమ్మల వైపు లాగింది ఇదే. ప్రింటుకీ అంకె ఉంటుంది, మనిషికీ అంకె ఉంటుంది. పెయింటింగ్ ఒంటరిది. ప్రింటు అలా కాదు, ఒకే పలక మీంచి వచ్చిన వందల్లో ఒకటి. నా ఇంట్లో 7 ఉంటే 8 ఇంకెవరి ఇంట్లోనో ఉందని తెలుసు. సోదర సంఘం గురించి బొమ్మ వేస్తే అది ప్రింటు రూపంలోనే ఉండడం న్యాయం. చిత్రకారుడు ఎడిషన్‌ని 1911 ప్రతులకి ఆపాడనుకోండి, ఎందుకని ఏ కాపా గానీ ఒమెగా గానీ అడగడు.

ఇక మొదట్లో అనుకున్న ఆ భయం సంగతి. లైన్ పేరుతో కొట్టడాలు, అవమానాలు జరిగాయి. 1989లో ఇక్కడే, మోర్‌హౌస్ కాలేజీలో, ఒక కుర్రాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడాది ఈ సంఘాల ఉమ్మడి కౌన్సిల్‌లో అప్పటికి ఉన్న ఎనిమిదీ కలిసి పాత ప్లెడ్జింగ్‌ని, అంటే చేర్చుకునే ముందు కొత్తవాళ్లని పరీక్షించే తంతుని, అధికారికంగా రద్దు చేశాయి. చాటుగా జరిగేది మాత్రం ఆగిపోలేదు, కేసులు వస్తూనే ఉన్నాయి. ఈ ప్రింట్లు ఆ సంగతి చెప్పవు. గర్వం అమ్ముడుపోతుంది, సిగ్గు అమ్ముడుపోదు. హోవార్డ్‌లో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1950లలోనే, నల్ల మధ్యతరగతి ఈ సంఘాల ఆడంబరంలో మునిగి అసలు సమస్యలు మర్చిపోతోందని గట్టిగా తిట్టాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అదే సంఘాల్లోంచి సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ వచ్చాడు, రక్తనిధులకి దారి వేసిన చార్లెస్ డ్రూ వచ్చాడు. మొదటాయన ఆల్ఫా, రెండో ఆయన ఒమెగా. రెండూ ఒకేచోట పెట్టుకుని చూడాలి.

కొనేవాళ్లకి కొన్ని మాటలు. పెట్టుబడిగా కొనకండి. వీటిలో చాలావాటికి కొన్న ధర కూడా తిరిగి రాదు. సంతకం పెన్సిల్‌తో ఉందా, అచ్చులోనే వచ్చేసిందా చూడండి, భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది అచ్చే. ఏపీ అని రాసి ఉంటే ఆంధ్రప్రదేశ్ కాదు, ఆర్టిస్ట్ ప్రూఫ్, అంటే లెక్కలో చేరకుండా చిత్రకారుడు తనకోసం తీసుకునే ప్రతి. అవి కొద్దిగానే ఉండాలి. ఏపీలే వందలుంటే ఎడిషన్ అంకెకి అర్థం లేదు. అక్షరాలూ చిహ్నాలూ ఆ సంస్థల ట్రేడ్‌మార్కులు, వాటిని వాడి అమ్మేవాళ్లకి లైసెన్సు ఉండాలి, అడగండి. మార్జిన్ కోయకండి. వేడి జిగురుతో అట్టకి అంటించే డ్రై మౌంట్ చేయించకండి, మళ్లీ ఊడదు. వెనక ఒక యాసిడ్ లేని కవరు అంటించి, అందులో ఎవరిది, ఏ చాప్టర్, ఏ ఏడాది లైన్, ఎవరిచ్చారు అని రాసి పెట్టండి. రేపు ఏ కాలేజీ ఆర్కైవ్‌కో ఇచ్చినప్పుడు బొమ్మకంటే ఆ కాగితానికే విలువ ఎక్కువ ఉంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మా అబ్బాయి సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీలో ఉన్నాడు. వాళ్లూ వరసగా స్టెప్పులేస్తారు. ఇదీ అదీ ఒకటేనా?)

ఒకటి కాదండీ, కానీ చుట్టరికం ఉంది. మన పిల్లల సంఘాలు 1990లలో మొదలయ్యాయి. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లో పుట్టింది. కొత్తవాళ్లని జనం ముందుకి తెచ్చే ప్రొబేట్, వరసగా నడుస్తూ స్టెప్పులేసే స్ట్రోల్, లైన్ నంబర్లు, ఇవన్నీ డివైన్ నైన్ దగ్గర చూసి నేర్చుకున్నవి. మీ అబ్బాయికి ఆ సంగతి తెలుసో లేదో ఈ సాయంత్రం అడగండి. తెలీకపోతే చెప్పండి.

(సభలోంచి: సభ్యులు కానివాళ్లం మనం ఈ ప్రింట్లు ఇంట్లో పెట్టుకోవచ్చా?)

మంచి ప్రశ్న. చట్టం అడ్డురాదు, మర్యాద అడ్డొస్తుంది. అక్షరాలున్న చొక్కా మాత్రం సభ్యుడు కానివాడు వేసుకోకూడదు, చాలా తప్పుగా చూస్తారు. అవి వాళ్లు కష్టపడి సంపాదించుకున్నవి. షీల్డు, అంటే సంఘం చిహ్నం ఉన్న ప్రింటుకీ అదే మాట, దాని అర్థం సభ్యులకే తెలుసు, మన గోడ మీద దానికి పనేముంది? స్టెప్ వేస్తున్న కుర్రాళ్ల బొమ్మో, ఎర్నెస్ట్ జస్ట్ బొమ్మో అయితే హాయిగా పెట్టుకోండి. వచ్చిన అతిథి ఒమెగా అయితే మాత్రం మిమ్మల్ని కూర్చోబెట్టి ఆయన ఎవరని అడుగుతాడు. జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.